జరగండి అనడం మానేసిన మేడమ్ గారు

పెద్ద వరదకు పాత వంతెన కొట్టుకుపోయిన ఏడు మన చిత్రశాల కిందిగదుల్లోకి నడుంలోతు నీళ్లొచ్చాయి. బురద కడిగి, గోడలు ఆరబెట్టి, పటాలను తిరిగి తగిలించి, తలుపులు మళ్లీ తెరిచింది ఆ మరుసటి ఏడు. ఆ ఏడు, వానలు వెనకబట్టిన నెలలో మొదటి సోమవారం నాడు, మేడమ్ గారు గ్యాలరీ అటెండెంటుగా ఉద్యోగంలో చేరారు. ఆ పొద్దున నేను నీటికి ఉబ్బిన తలుపొకటి చిత్రిక పడుతున్నాను. ఆవిడ ఆ గుమ్మంలోంచే వచ్చి, చెక్కపొట్టు తొక్కకుండా పక్కకు అడుగేసి, "ఇక్కడ పెద్దవారెవరండీ?" అని అడిగారు.

"వయసులోనైతే నేనే," అన్నాను.

ఆవిడ నవ్వారు. ఆ రోజు నుంచి నన్ను బాబాయ్ అనే పిలిచారు.

నేను ఈ సంస్థలో వడ్రంగిని. చదివింది మూడో తరగతి. నాకు పదవి లేదు కాబట్టి విరమణ కూడా లేదు. పని ఉన్నప్పుడు పిలుస్తారు, వస్తాను. ఆవిడ పదవీ విరమణకు వేస్తున్న ఇంతటి గౌరవప్రదమైన సంచికలో అభినందన వ్యాసం రాయవలసినవారు వేరే ఉన్నారు. అయితే ఎవరు రాయాలని ఉద్యోగుల సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు మేడమ్ గారు నా పేరు చెప్పారట. "అబద్ధం ఆడాలంటే చాలా మాట్లాడాలి. ఆయన అంత మాట్లాడరు, ఆయన చేతే రాయించండి," అన్నారట. కార్యదర్శి గారు నా దగ్గరికి వచ్చి, "నాలుగు మంచి ముక్కలు రాయండి మేస్త్రీ, పాత గొడవలు మాత్రం వద్దు," అన్నారు. మంచి ముక్కలే రాస్తున్నాను. ఆవిడ చేసిన మంచి అంతా ఆ గొడవల్లోనే ఉంది, నేనేం చెయ్యను?

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆవిడకు అప్పగించిన గది మీ అందరికీ తెలిసినదే. పావురం అమ్మాయి ఉండే గది. కిటికీ దగ్గర చేతిలో పావురాన్ని పట్టుకుని నిలబడ్డ అమ్మాయి పటం అది. గోడ అద్దం కన్నా పెద్దది కాదు. దాని కీర్తి మాత్రం సముద్రాలు దాటింది. దాన్ని చూడటానికి వచ్చే జనం పొద్దున్నే మెట్ల కింద నుంచి లైను కడతారు. లోపలికి వచ్చినవారికి ముందు కనిపించేది ముందున్నవారి వీపు, ఆ తర్వాత ఎత్తిన చేతులు, ఆ చేతుల్లో ఫోన్లు, ఆ ఫోన్లలో గోరంత పావురం. ఎంతెంత దూరాల నుంచో ప్రయాసపడి వచ్చినవారు, తీరా పటం ఎదుటికి చేరాక దానికి వీపు తిప్పి, తమ ముఖం తామే ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. ఇది వారిని ఎగతాళి చేయడానికి రాయడం లేదు. అంతమంది తోస్తుండగా, అంత కొద్ది సమయంలో, ఎవరైనా చేయగలిగింది అదే.

ఆ గది నేల చెక్కలు నేను మార్చి మార్చి విసిగిపోయాను. జోళ్ల కింద నలిగి పళ్లెంలా గుంటపడేవి. పక్క గదుల్లో నా చేత్తో వేసిన పాలిష్ వేసినట్టే ఉండేది. ఆ గదుల్లోనూ గొప్ప పటాలున్నాయి. వాటి ముందు నేల అరగలేదు.

మేడమ్ గారి విధి ఒక్కటే. పటం పక్కన నిలబడి, "చూశారు కదండీ, జరగండి. వెనకవాళ్లున్నారు," అనడం. ఆ మాటలో కోపం వినబడకూడదు, చనువూ వినబడకూడదు అని అప్పటి సూపరింటెండెంటు గారు తర్ఫీదు ఇచ్చారు. ఆవిడ దాన్ని ఎంత నిష్ఠగా అభ్యసించారంటే, ఆ గొంతు విన్నవారి కాళ్లు వాటంతటవే కదిలేవి. మొదట వెనకాల, తర్వాత ముఖం మీదే, అందరం ఆవిడను జరగండి మేడమ్ అనడం మొదలుపెట్టాం. ఉత్తమ ఉద్యోగినిగా ప్రశంసాపత్రం అందుకున్నదీ ఆ రోజుల్లోనే. మన భాష రాని ఒక యాత్రికుడు లైనంతా ఆ మాట విని విని, అదే పటం పేరనుకున్నాడు. బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, "జరగండి! చాలా బాగుంది జరగండి!" అన్నాడు.

మేడమ్ గారి భర్తగారు సిటీ బస్సు డ్రైవరు, సరదా మనిషి. ఒక ఆదివారం మధ్యాహ్నం సంగతి ఆయన నోటనే వినాలి. "నిద్రలో జరగండి అందండీ, జరిగాను. మళ్లీ జరగండి అంది, మళ్లీ జరిగాను. మూడోసారికి మంచం అయిపోయింది. కిందపడ్డవాణ్ని పడ్డట్టే ఉంటే, వెనకవాళ్లున్నారు అంది. నా మంచం మీద నా వెనక ఎవరయ్యా అని లేచి చూశాను కూడా!"

ఇది చెప్పి ఆయన నవ్వినప్పుడల్లా మేడమ్ గారూ నవ్వేవారు. తరువాతి కాలంలో ఆవిడ నవ్వలేదు, ఆయనా చెప్పడం మానేశారు. ఎందుకో రాస్తాను. రాయవచ్చా అని ఆవిడనే అడిగాను. "అది రాయకపోతే మిగతాది ఎవరికీ అర్థం కాదు బాబాయ్. రాయండి," అన్నారు.

ఆవిడ తండ్రిగారు తాళాలు బాగుచేసేవారు. పేటలో ఆయన చేతితో తెరుచుకోని తలుపు లేదు. ఆయన కాలం చేసిన రోజున వీధి వీధంతా చివరిచూపుకు వచ్చింది. ముందుగది ఇరుకు. ఒక గుమ్మంలోంచి వచ్చి, ఇంకో గుమ్మంలోంచి పోవాలి. మేడమ్ గారు పెద్దకూతురు. తండ్రి తలవైపు నిలబడి, కన్నీరు లేకుండా, వచ్చేవారిని చూస్తూ, "చూశారు కదండీ, జరగండి. వెనకవాళ్లున్నారు," అనడం మొదలుపెట్టారు. ఎవరూ తప్పుపట్టలేదు. అందరూ జరిగారు. నేనూ జరిగి గుమ్మం పక్కన నిలబడ్డాను.

కాసేపటికి లోపలి గదిలోంచి కోడలు చెయ్యి పట్టుకుని తల్లిగారు వచ్చారు. భర్త ముఖం మీదికి వంగారు. వెనక ఎవరో దగ్గారు. మేడమ్ గారు అదే గొంతుతో, అదే వరసలో అనేశారు. "చూశారు కదండీ, జరగండి. వెనకవాళ్లున్నారు."

తల్లిగారు తలెత్తారు. "ఎవర్నే, అండీ అంటున్నావు?"



"ఎక్కడికి జరగనే నేను?" అని అడిగారావిడ. నిజంగా తెలియక అడిగినట్టే అడిగారు.

మేడమ్ గారు వంటింట్లోంచి కుర్చీ తెచ్చి, తల్లిని కూర్చోబెట్టి, వీధి తలుపు దగ్గరగా వేశారు. వెనకవాళ్లు వెనకే ఆగారు. ఆవిడ లేచేదాకా ఎవరూ లోపలికి రాలేదు.

సెలవు ముగిసి విధుల్లో చేరిన నాడు మేడమ్ గారు పావురం అమ్మాయి పక్కన ఎప్పటి చోటనే, ఎప్పటి యూనిఫారంలోనే నిలబడ్డారు. నోరు మాత్రం విప్పలేదు. కాసేపటికే గది కిటకిటలాడిపోయింది. సూపరింటెండెంటు గారు పరుగున వచ్చారు.

"ఏమ్మా, గొంతు పోయిందా?"

"గొంతుందండీ. మాట పోయింది."

"ఏ మాట?"

"మీరు నేర్పిందే."

ఆయనకు కోపం రావడానికి ఇంకా వ్యవధి ఉండగానే, ఆవిడ మూలనున్న కుర్చీని తెచ్చి పటం ఎదురుగా వేసి, లైనులో చేతికర్ర మీద వాలి నిలబడ్డ ఒక వృద్ధురాలిని కూర్చోమన్నారు. ఆ ముసలమ్మ కూర్చుని కర్ర ఒళ్లో పెట్టుకుని చూడసాగింది. లైను ఆగిపోయింది. గదిలో ఆగి, నడవలో ఆగి, మెట్ల మీద ఆగి, రోడ్డు మీద ఆగింది. చివరికి డైరెక్టరు గారే దిగి వచ్చారు.

"ఈవిడ మీకు చుట్టమా?"

"ఇప్పటిదాకా కాదండీ."

"ఎంతసేపు కూర్చుంటుంది?"

"చూడ్డం అయ్యేదాకా."

"వెనకాల ఎంతమంది ఉన్నారో తెలుసా మీకు?"

"తెలుసండీ. వాళ్లకీ కుర్చీలుంటే బాగుండు."

నేను అప్పుడు ఆ గది కిటికీ కటకటాలకు వదులైన చీలలు బిగిస్తున్నాను. ఆ ముసలమ్మ ఈ మాటలేవీ వినిపించుకోలేదు. ఒక్కసారి మాత్రం, "పావురం కాళ్లు ఎర్రగా ఉన్నాయి చూశావా అమ్మాయ్?" అంది. మేడమ్ గారు వంగి చూశారు. అన్నేళ్లు దాని పక్కనే నిలబడ్డారు కానీ, ఆవిడ చూపు ఎప్పుడూ జనం మీదే. పటం వైపు తిరిగి నిలబడే అవసరం ఉద్యోగంలో రాలేదు.

ఆ వారంలోనే బదిలీ అయింది. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా అని రాశారు. మన సంస్థలో అందరికీ తెలిసిన శిక్ష అది: చిన్న చిత్రశాల. వెళ్లేరోజున టిక్కెట్ల గుమస్తా, "అక్కడ ఎవర్ని జరగమంటారు మేడమ్, బల్లుల్నా?" అన్నాడు.

"బల్లుల్ని కూడా అననయ్యా," అన్నారావిడ.

చిన్న చిత్రశాల చూడనివారు ఈ సంచిక పాఠకుల్లో చాలామంది ఉంటారు కాబట్టి కొంచెం రాస్తాను. సైకిలు రిపేరు కొట్ల సందు చివర ఒక పళ్ల డాక్టరు గారి మేడ అది. పన్ను నొప్పితో వచ్చినవారు ఎదురుచూసే గదుల్లో ఆయన తన సొంత అభిరుచితో పటాలు తగిలించుకున్నారు. చనిపోతూ మేడను, పటాలను, రోగుల బెంచీలను కూడా సంస్థకు ఇచ్చిపోయారు. చాలాసేపు కూర్చుని, నొప్పి మరిచిపోయి చూడటానికి ఎంచినవి కాబట్టి, వాటిలో అరిచే పటం ఒక్కటీ లేదు. గీసినవారు పేరు లేనివారు. ఒకదాంట్లో వర్షం ఆగిన వీధి, ఒకదాంట్లో ముక్క కోసిన రొట్టె, ఒకదాంట్లో ఆరేసిన దుప్పటి. ఆ గదుల్లో గడియారం చప్పుడు వినబడుతుంది. కిటికీ తెరిస్తే సందులో సైకిలు బెల్లు సరిచూసే చప్పుడు వినబడుతుంది. మధ్యాహ్నం ఎండ పటాల మీదకు రాకుండా మేడమ్ గారు స్వయంగా తెరలు జరిపేవారు. ఆ ఇంట్లో జరిగినవి తెరలే.

వెళ్లిన కొత్తల్లోనే నాకు కబురు చేశారు. "బాబాయ్, స్టూళ్లు కావాలి. తేలిగ్గా ఉండాలి. చిన్నపిల్ల కూడా చంకన పెట్టుకుపోగలగాలి."

చెక్కకు మంజూరు లేదన్నారు. పెద్ద చిత్రశాలలో తీసేసిన నేల చెక్కలు షెడ్డులో పడున్నాయి. పావురం అమ్మాయి ముందు జనం జోళ్ల కింద అరిగినవి. గుంటపడ్డ చోటు కూర్చోవడానికి సుఖంగా ఉంటుందని వాటినే కోసి, కాళ్లు బిగించి ఇచ్చాను. ఆవిడ ఒకదాని మీద కూర్చుని చూసి, "నడిచి పాడుచేసింది కూర్చుని బాగుచేసుకోవాలన్నమాట," అన్నారు. నాకు చెక్కే తెలుసు కానీ, ఇంత మాట తట్టలేదు.

అప్పటి నుంచి ఆ ఇంటి పద్ధతి ఇది. టిక్కెట్టుతో పాటు ఒక స్టూలు ఇస్తారు. ఇష్టమైన పటం ముందు వేసుకోవాలి. ఎంతసేపైనా కూర్చోవచ్చు. లేవమని ఎవరూ అనరు. స్టూళ్లన్నీ లోపల ఉంటే, వచ్చినవారు బయట రోగుల బెంచీ మీద ఆగాలి. జరగండి అనే మాట ఆ ఇంట్లో పనివారు గానీ, పై అధికారులు గానీ అనకూడదు. ఇది ఎక్కడా రాసిపెట్టలేదు. ఆవిడ ఉన్నారు, అంతే.

ఆ పటాల్లో ఒకటి బూట్ల మనిషి. మంచం అంచున కూర్చున్న ఒకతను వంగి బూటు లేసు పట్టుకుని ఉంటాడు. ముఖం కనబడదు, మెడ వెనక భాగం, భుజాలు మాత్రమే. మూసీ మూయని తలుపులోంచి సన్నటి వెలుతురు. ఆ వెలుతురు తెల్లవారేదో పొద్దుగూకేదో తెలియదు కాబట్టి, అతను బూట్లు విప్పుతున్నాడా కడుతున్నాడా తెలియదు. సందులోని వారికి అదొక పెద్ద వ్యాజ్యం. భోజనాల వేళ సైకిలు మెకానిక్కు, ఎదురింటి కుట్టుపనావిడ స్టూళ్లు పక్కపక్కనే వేసుకుని వాదించుకోవడం నేను ఎన్నిసార్లు విన్నానో.

"విప్పుతున్నాడక్కా. ఆ నడుం చూడు. రోజంతా నిలబడ్డ నడుం అది."

"నీ మొహం. విప్పేవాడు పీకి పారేస్తాడు. అంత నెమ్మదిగా పట్టుకుంటాడా? వెళ్లాలని లేదు వాడికి. అందుకే ముడి వెయ్యడానికి తెగ ఆలోచిస్తున్నాడు."

"మీ ఆయన అలాగే వెళ్తాడా పనికి?"

"మా ఆయన సంగతి నీకెందుకు? పటం చూడు."

"మేడమ్, మీరు చెప్పండి. విప్పుతున్నాడా, కడుతున్నాడా?"

"నాకూ తెలీదు బాబూ. కూర్చుని చూడండి," అనేవారు మేడమ్ గారు. ఎవరు ఎప్పుడు అడిగినా అదే జవాబు. ఎన్నేళ్లయినా వాదం తేలలేదు, వాళ్లు రావడం మానలేదు. ఆ సందులో కూతురికి పెళ్లి కుదిరినా, కొడుకు పరీక్ష తప్పినా, ఆ మనిషి ముందు కాసేపు కూర్చుని వెళ్లడం అలవాటైపోయింది.

తరువాత ఏం జరిగిందో మీకు తెలుసు. ఊరు చూడవచ్చిన ఒకావిడ వానకు ఆ మేడలో దూరి, బూట్ల మనిషి ముందు రెండు గంటలు కూర్చుని, వెళ్తూ వెళ్తూ ఒక ఫోటో తీసుకుంది. ఆ ఫోటో ఫోను నుంచి ఫోనుకు పాకింది. నెల తిరక్కుండా సందులో లైను. మెకానిక్కు కొట్టు ముందు గాలి కొట్టించుకునేవాడికి చోటు లేదు. మేడమ్ గారు పద్ధతి మార్చలేదు. స్టూలు ఖాళీ అయితేనే మనిషి లోపలికి.

"ఎంతసేపండీ?" అని లైనులో అడిగేవారు.

"లోపలాయన లేచేదాకా."

"ఆయనెప్పుడు లేస్తాడు?"

"నాకేం తెలుసండీ, ఆయనకే తెలీదు."

విసుక్కుని సగం మంది వెళ్లిపోయారు. మిగిలినవారు బెంచీ మీద కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడుకుని, తమ వంతు వచ్చినప్పుడు లోపలికి వెళ్లి చూశారు. వెనక ఎవరూ తోయనందువల్ల వారిలో పటానికి వీపు తిప్పినవారిని నేను చూడలేదు.

అప్పుడు పై నుంచి నిర్ణయం వచ్చింది. బూట్ల మనిషిని పెద్ద చిత్రశాలకు తరలించి పావురం అమ్మాయి ఎదురు గోడకు తగిలించాలి. చిన్న చిత్రశాలను మూసేయాలి. ఇప్పటి డైరెక్టరు గారు స్వయంగా వచ్చి నచ్చజెప్పారు. ఆయన మర్యాదస్తులు, ఆ సంగతీ రాయాలి.

"చూడండి మేడమ్, రోజుకు వేలమంది చూడవలసిన పటం ఇది. మీ దగ్గర పాతికమంది చూస్తున్నారు. ఇది న్యాయమా?"

"వేలమంది దాని ముందు నుంచి పోతారండీ. నేను అక్కడ నిలబడ్డదాన్నే, పంపించింది నేనే. చూసేది మటుకు పాతికమందే. ఆ పాతికమందీ ఇక్కడికే వస్తున్నారు."

"అందరికీ హక్కుంది కదా?"

"ఉందండీ. అందుకే తలుపు తీసి ఉంచుతున్నాం. మీ పక్కగదుల్లో పటాల ముందు ఎవరూ లేరు. ముందు వాటి ముందు స్టూళ్లు వేయించండి. బాబాయ్ చేసిస్తారు."

ఆయన నావైపు చూశారు. నేను చేసిస్తానన్నట్టు తలూపాను. ఆయనకు అది నచ్చలేదు.

తరలింపు వ్యాను వచ్చిన రోజు సందులో కబురు వ్యానుకన్నా ముందే చేరింది. తరలింపు అధికారి గారు మనుషులతో, దుప్పట్లతో, పెట్టెతో లోపలికి వచ్చేసరికి స్టూళ్లన్నీ బూట్ల మనిషి ముందే ఉన్నాయి. మెకానిక్కు, కుట్టుపనావిడ, ఆవిడ అత్తగారు, పోస్ట్‌మాన్, బడి మాస్టారు, దారినపోతూ వచ్చిన ఇద్దరు విదేశీయులు.

"వీళ్లను లేపండి," అన్నారు అధికారి గారు.

"ఈ ఇంట్లో ఆ పద్ధతి లేదండీ. లేచాక తీసుకెళ్లండి," అన్నారు మేడమ్ గారు.

"ఎప్పుడు లేస్తారు?"

మెకానిక్కు తల తిప్పకుండానే, "విప్పుతున్నాడో కడుతున్నాడో తేలాక," అన్నాడు.

"తేలదు," అంది కుట్టుపనావిడ.

అధికారి గారు మధ్యాహ్నం దాకా నిలబడ్డారు. ఆయనకు ఇవ్వడానికి స్టూలు మిగల్లేదు. చివరికి మేడమ్ గారిని పక్కకు పిలిచి, "మీ సర్వీసు ఇంకెంత ఉంది?" అని అడిగారు.

"వచ్చే వానాకాలం దాకా."

"సరే అయితే," అన్నారు. వ్యాను వెళ్లిపోయింది. ఆ సరే అయితేకు అర్థం అక్కడున్న అందరికీ తెలిసింది. ఆవిడ దిగిపోయేదాకా ఆగుతారు.

ఆ వానాకాలం వచ్చింది. పదవీ విరమణ సభ పెద్ద చిత్రశాల హాలులో ఘనంగా జరిగింది. డైరెక్టరు గారు, సూపరింటెండెంటు గారు, సంఘ పెద్దలు ఆవిడ అంకితభావాన్ని, క్రమశిక్షణను వేనోళ్ల కొనియాడారు. క్రమశిక్షణ అన్నప్పుడు వెనక వరసలో టిక్కెట్ల గుమస్తా దగ్గాడు. తరలింపు అధికారి గారు లేచి, "మేడమ్ గారు ఎంతో శ్రమించారు. ఇక విశ్రాంతి తీసుకోవాలి. ఆ పటం బాధ్యత రేపటి నుంచి మాది," అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నా పక్కన కూర్చున్న వారి భర్తగారూ కొట్టలేదు.

మేడమ్ గారు జవాబు చెప్పడానికి లేచారు. "నాకు విశ్రాంతి ఇప్పించినందుకు సంతోషం. ఎక్కడ తీసుకోవాలో నేను చూసుకుంటాను," అని కూర్చున్నారు.

"ఇంట్లో కాదన్నమాట," అన్నారు భర్తగారు నా చెవిలో.

ఈ వ్యాసం నేను సభకు ముందే ఇవ్వవలసింది. నా రాత నెమ్మది, అచ్చూ ఆలస్యమైంది. అందువల్ల ఆ తర్వాతి రోజు సంగతి కూడా రాయగలుగుతున్నాను. ఇది చదివి ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. పని లేదనడం తప్ప నన్ను ఎవరూ ఏమీ చెయ్యలేరు.

తలుపులు తీసే వేళకు ఆవిడ చిన్న చిత్రశాల మెట్ల మీద ఉన్నారు. యూనిఫారం లేదు. చేతిలో భోజనం డబ్బా, గొడుగు. కొత్తగా బాధ్యత తీసుకున్న ఉద్యోగిని కంగారుపడింది.

"మేడమ్, మీరా! ఏమైనా మర్చిపోయారా?"

"మేడమ్ నిన్నటితో అయిపోయిందమ్మా. నేను చూడ్డానికి వచ్చాను. టిక్కెట్టివ్వు. స్టూలూ ఇవ్వు."

టిక్కెట్టు కొనుక్కుని, బూట్ల మనిషి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నారు. పటం దించడానికి గోడ చీలలు తీయాలని నన్నూ పిలిచారు కాబట్టి నేను అక్కడే ఉన్నాను. వ్యాను వచ్చింది. అధికారి గారు గుమ్మంలో ఆగిపోయారు.

"మేడమ్, మీరు రిటైరయ్యారు."

"అందుకే వచ్చానండీ. ఇన్నేళ్ల ఉద్యోగంలో దీని ముందు ఒక్కరోజూ కూర్చోలేదు. డ్యూటీలో కూర్చోకూడదు కదా."

"మంచిది, చూడండి. ఎంతసేపు పడుతుంది?"

"ఇప్పుడేగా మొదలుపెట్టాను."

ఆయన ముఖం ఎర్రబడింది. "జరగండి మేడమ్," అన్నారు. అనకూడని మాట అది. ఆవిడ తల తిప్పి, ఎంతో మర్యాదగా, "ఎక్కడికి జరగమంటారండీ?" అని అడిగారు.

నిన్నటిదాకా అయితే బదిలీ చేయవచ్చు, సంజాయిషీ అడగవచ్చు, జీతం ఆపవచ్చు. ఇవాళ ఆవిడ టిక్కెట్టు కొన్న ప్రేక్షకురాలు. గుమ్మంలో మెకానిక్కు, కుట్టుపనావిడ, వాళ్ల వెనక సందులో సగం మంది, చేతుల్లో ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. ఆ ఫోన్లు ఒక మంచి పనికి ఎత్తడం నేను అప్పుడే చూశాను. అధికారి గారు నావైపు తిరిగి, "మేస్త్రీ, చీలలు తియ్యి," అన్నారు.

"ఆవిడ చూస్తున్నారండీ," అన్నాను. "లేచాక తీస్తాను."

సాయంత్రం తలుపులు మూసేదాకా ఆవిడ లేవలేదు. వ్యాను ఖాళీగా వెళ్లింది. వెళ్తూ అధికారి గారు, "రేపు కూడా వస్తారా?" అని అడిగారు. "రాత్రికి భోంచేసి చెప్తానండీ," అన్నారావిడ. భర్తగారు స్కూటరు మీద వచ్చి తీసుకెళ్లారు.

ఆవిడ ఆయుర్దాయం ఇక ఆవిడ ఒక్కరిదీ కాదు. ఆవిడ ఆ పటం ముందు ఎన్నాళ్లు కూర్చోగలిగితే ఆ మేడ అన్నాళ్లు తెరిచి ఉంటుంది. కాబట్టి సంఘం తరఫున, సందు తరఫున, నా తరఫున కోరుకుంటున్నాను: మేడమ్ గారి మోకాళ్లు దృఢంగా ఉండుగాక. నడుము నొప్పి దరిచేరకుండుగాక. కంటిచూపు మందగించకుండుగాక. భర్తగారి స్కూటరు ప్రతి ఉదయం ఒక్క తన్నుకే కదులుగాక. నిండు నూరేళ్లు చల్లగా కూర్చోండమ్మా. మిమ్మల్ని తొందరపెట్టిన అధికారులందరూ మీకన్నా ముందే పదవీ విరమణ చేయుదురుగాక. అప్పుడు వారూ టిక్కెట్టు కొనుక్కుని వస్తే, స్టూలు ఇస్తాం.

మర్నాడు పొద్దున తలుపులు తీయకముందే వెళ్లి, ఆవిడ స్టూలుకు వీపు ఆన్చుకునే చెక్క బిగించాను.